పాత కారులో స్పార్కు పోతే: కాయిల్, బ్యాలస్ట్ వైరింగు చూసే పద్ధతి

సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజను అందుకుంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. పాత పెట్రోలు కారు ఉన్నవాళ్ళకి ఈ బాధ కొత్తేమీ కాదు. చాలా షెడ్లలో ముందు కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్కుకి కావాల్సినంత పెంచే డబ్బా) మార్చేస్తారు. బండి మళ్ళీ అలాగే ఉంటుంది, లేదంటే కొన్నాళ్ళు బాగానే నడిచి ప్లాటినం పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్చు) మాడిపోతాయి. కాయిల్‌ని ఒక్కదాన్నే చూస్తే ఎప్పటికీ తేలదు. దాని ముందున్న రెసిస్టరుతో, అంటే బ్యాలస్ట్‌తో, కలిపి జతగా చూడాలి. ఆ జత కుదరకుండా ఎన్ని కాయిళ్ళు మార్చినా డబ్బు దండగ.

ఇక్కడ రాసేది పాయింట్లు, కండెన్సరు (పాయింట్ల మధ్య నిప్పుని అణిచే చిన్న భాగం) ఉన్న 12 వోల్టుల బళ్ళ గురించి. 1489 సీసీ అంబాసిడర్, 1089 సీసీ ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, అదే కాలపు విదేశీ కార్లు వీటిలోకి వస్తాయి. బ్యాటరీ మైనస్ బాడీకి కలిసి ఉందనుకుని కొలతలు ఇచ్చాం. బాగా పాత బ్రిటిష్ బళ్ళలో ప్లస్ బాడీకి ఉంటుంది కాబట్టి ముందు బ్యాటరీ దగ్గర చూసుకోండి. అలా ఉంటే కాయిల్ ప్లస్ టెర్మినల్ డెల్కో (పాయింట్లు లోపల ఉండే డిస్ట్రిబ్యూటరు) వైపు వెళ్ళాలి.

రెండు రకాల కాయిళ్ళు

బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. అదే సైజు డబ్బా, అదే క్లాంపు, అదే నల్ల మూత. లోపల తేడా బ్యాటరీ కరెంటు పారే ప్రైమరీ చుట్టలో ఉంది. బ్యాలస్ట్ అక్కర్లేని మామూలు 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది. బ్యాలస్ట్‌తో వాడే కాయిల్ సుమారు 1.5 ఓమ్‌లు, దాని ముందు ఇంకో 1.5 ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. రెండు ఏర్పాట్లలోనూ మొత్తం 3 ఓమ్‌లే, పాయింట్ల గుండా పోయే కరెంటు 4 ఆంపియర్లే.

మరి ఆ రెసిస్టరు ఎందుకంటే సెల్ఫ్ కోసం. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు బ్యాటరీ 10 వోల్టులకో ఇంకా కిందికో పడిపోతుంది. 3 ఓమ్‌ల కాయిల్‌కి అప్పుడు స్పార్కు నీరసపడుతుంది. బ్యాలస్ట్ ఉన్న బండిలో అయితే సెల్ఫ్ కొట్టినంతసేపూ రెసిస్టరుని తప్పించి ఇంకో వైరు నేరుగా కాయిల్‌కి కరెంటు ఇస్తుంది. తాళం వదిలాక మళ్ళీ రెసిస్టరు గుండానే. ఈ రెండో దారిని బైపాస్ వైరు అందాం. సగం గొడవలు దీని దగ్గరే పుడతాయి.

జత తప్పితే ఏమవుతుందో లెక్క కట్టి చూడొచ్చు. 1.5 ఓమ్‌ల కాయిల్‌ని బ్యాలస్ట్ లేకుండా పెడితే, పాయింట్లు మూసుకుని ఇంజను ఆగి ఉన్నప్పుడు 8 ఆంపియర్లు పోతాయి. అంటే 96 వాట్ల వేడి అంతా కాయిల్ డబ్బాలోనే. జత సరిగ్గా ఉంటే కాయిల్‌లో 24, బ్యాలస్ట్‌లో 24 వాట్లే. పాయింట్లు నీలంగా మాడటం, కాయిల్ మూత దగ్గర నూనె చెమర్చడం ఇలాంటి బండిలోనే కనిపిస్తాయి. దీనికి ఎదురు తప్పు 3 ఓమ్‌ల కాయిల్ ముందు బ్యాలస్ట్ ఉంచేయడం. కరెంటు 2.7 ఆంపియర్లకి పడిపోతుంది. స్పార్కు శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మిగిలేది సగం కన్నా తక్కువ. మన విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద మెల్లగా పోతే ఏమీ తెలియదు. సింహాచలం కొండ రోడ్డు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చుని యాక్సిలరేటరు నొక్కితే, అప్పుడు మిస్సింగ్ బయటపడుతుంది. కార్బురేటర్ని అనుమానించి దాన్ని విప్పేసేవాళ్ళే ఎక్కువ.

ఓమ్‌లు కొలవడం

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరుండే సాధారణ డిజిటల్ మీటరు చాలు. బ్యాటరీ ఎర్త్ (బాడీకి వెళ్ళే వైరు) తీసి, కాయిల్ రెండు చిన్న వైర్లూ విప్పాలి. వైర్లు ఉంచి కొలిస్తే పాయింట్లు, సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) కూడా లెక్కలోకి వచ్చి అంకె తప్పు చూపిస్తుంది. ముందుగా మీటరు రెండు కర్రలూ ఒకదానికొకటి ఆనించండి. చవక మీటర్లలో 0.2, 0.3 ఓమ్‌లు కనిపిస్తుంది. ప్రతి కొలతలోంచీ దాన్ని తీసేయాలి. 1.5 ఓమ్‌లు వెతికే చోట 0.3 చిన్న తేడా కాదు.

కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య ప్రైమరీ కొలవండి. వేడి కాయిల్ ఎక్కువ చూపిస్తుంది. చల్లగా 3 ఓమ్‌లున్నది 80 డిగ్రీల దగ్గర 3.6 చూపిస్తే కాయిల్ పాడైనట్టు కాదు, రాగి గుణమే అంత. హెచ్‌టీ (స్పార్కు వైరు) పెట్టే మధ్య రంధ్రం నుంచి ఒక చిన్న టెర్మినల్‌కి, స్పార్కు పుట్టించే సెకండరీ చుట్ట కొలిస్తే మామూలుగా 6,000 నుంచి 12,000 ఓమ్‌ల మధ్య వస్తుంది. ఓపెన్ (దారి తెగినట్టు) చూపిస్తే కాయిల్ పోయినట్టే. కానీ ఓమ్‌లు బాగున్నంత మాత్రాన కాయిల్ బాగున్నట్టు కాదు. వేడెక్కాక లోపలి ఇన్సులేషన్ విడిపోయే కాయిల్ చల్లగా ఉన్నప్పుడు అన్ని కొలతలూ నెగ్గుతుంది.

డబ్బా మీద రాసింది కూడా చదవండి. బ్యాలస్ట్‌తో వాడమని రాసుంటే అది 1.5 ఓమ్‌ల జాతి. ఏమీ రాయకపోతే మీటరు చెప్పిందే నమ్మాలి. దుకాణంలో "అంబాసిడర్ కాయిల్ ఇవ్వండి" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళినా ఇంకెక్కడ కొన్నా మీటరు జేబులో పెట్టుకెళ్ళి కౌంటరు మీదే కొలిచి తీసుకోండి.

బ్యాలస్ట్ రెసిస్టరు ఎక్కువగా తెల్ల పింగాణీ దిమ్మలా ఉంటుంది, వెనక గాడిలో స్ప్రింగులా చుట్టిన తీగ కనిపిస్తుంది. ఆ తీగ మధ్యలో తెగడం తక్కువ, రెండు చివర్లా రివెట్ దగ్గర తెగడం ఎక్కువ. ఉప్పు గాలి తగిలే చోట రివెట్ కింద తుప్పు పేరుకుని, చూడ్డానికి బాగానే ఉండి, వేడెక్కినప్పుడు వదిలేస్తుంది. మీటరు పెట్టి వేలితో టెర్మినల్‌ని పక్కకి కదపండి. అంకె ఎగిరితే దిమ్మ మార్చేయడమే.

కొన్ని బ్రిటిష్ కార్లలో పింగాణీ దిమ్మ ఉండదు. వైరింగులోనే గులాబీ, తెలుపు రంగులు కలిసిన రెసిస్టెన్స్ వైరు వేస్తారు. అది మామూలు వైరులా కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు దానికి తోడు పింగాణీ దిమ్మ కూడా తగిలిస్తారు. ఆ వైరుని కత్తిరించి పొట్టి చేయకూడదు, పొడవు తగ్గితే ఓమ్‌లూ తగ్గుతాయి.

వోల్టేజీ పరీక్ష

అసలు జబ్బు దొరికేది ఇక్కడే. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు గట్టిగా. పెట్రోలు కారడం ఎక్కడా లేదని చూసుకోండి. మీటరు నల్ల కర్ర ఎప్పుడూ బ్యాటరీ మైనస్ మీదే పెట్టండి, బాడీ మీద కాదు. బాడీ ఎర్త్ పాడైందేమో కూడా దీంతోనే తెలుస్తుంది.

మొదట పాయింట్లు తెరిచి ఉంచాలి. డెల్కో మూత, రోటరు తీసి, పాయింట్ల మధ్య విజిటింగ్ కార్డు ముక్క దూర్చండి. తాళం ఆన్ చేస్తే కరెంటు ఎటూ పారదు. కాబట్టి బ్యాలస్ట్ ముందు, వెనక, కాయిల్ ప్లస్, కాయిల్ మైనస్ అన్నిచోట్లా బ్యాటరీ వోల్టేజీయే రావాలి. బ్యాలస్ట్ ముందు 12 ఉండి వెనక సున్నా అయితే బ్యాలస్ట్ తెగి ఉండొచ్చు, కాయిల్ ప్లస్ ఎర్త్ అయినా ఉండొచ్చు. కాయిల్ ప్లస్ వైర్లు విప్పి మళ్ళీ చూడండి, అప్పుడూ సున్నాయే అయితే బ్యాలస్ట్ తెగినట్టు. కాయిల్ మైనస్ మాత్రమే సున్నా అయితే అక్కడి వైరు విప్పి కొలవండి. విప్పగానే 12 వచ్చిందంటే డెల్కో లోపల ఎక్కడో ఎర్త్ అవుతోంది. కండెన్సరు షార్ట్ అయి ఉండొచ్చు, పాయింట్ స్ప్రింగు దగ్గర చిన్న ఫైబరు వాషరు మర్చిపోయి ఉండొచ్చు, లేదా డెల్కో లోపలికి వెళ్ళే పొట్టి వైరు తొడుగు ఒరిసిపోయి ఉండొచ్చు. విప్పినా సున్నాయే అయితే కాయిల్ ప్రైమరీ తెగింది.

చాలామంది ఇక్కడితో ఆపి "12 వస్తోంది, వైరింగు బాగానే ఉంది" అంటారు. ఈ కొలత నమ్మి మోసపోకండి. కరెంటు పారనప్పుడు ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా 12 చూపిస్తుంది. డిజిటల్ మీటరుకి అంత చాలు, కాయిల్‌కి చాలదు.

కాబట్టి కార్డు తీసేసి, ఫ్యాను బెల్టు పట్టుకుని ఇంజను కొద్దిగా తిప్పి పాయింట్లు మూసుకునేలా చేయండి. ఈసారి తాళం ఆన్‌లో నిమిషం మించి ఉంచొద్దు, కాయిల్ వేడెక్కుతుంది. ఇప్పుడు కాయిల్ ప్లస్ దగ్గర వచ్చే అంకె చూస్తే ఏ జత ఉందో తేలిపోతుంది. 6 వోల్టులకి అటూ ఇటూగా వస్తే 1.5 ఓమ్‌ల కాయిల్, 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్, సరైన జత. 8 వస్తే 3 ఓమ్‌ల కాయిల్ ముందు అనవసరంగా బ్యాలస్ట్ ఉంది. 4 వస్తే రెండు బ్యాలస్ట్‌లు వరసగా ఉన్నాయి, రెసిస్టెన్స్ వైరు ప్లస్ పింగాణీ దిమ్మ అన్నమాట. 12కి దగ్గరగా వస్తే బ్యాలస్ట్ లేదు. ఆ కాయిల్ 3 ఓమ్‌లదైతే అంతా సవ్యమే, 1.5దైతే వెంటనే తాళం ఆపేయండి.

అదే స్థితిలో కాయిల్ మైనస్ దగ్గర 0.2 వోల్టుల లోపు ఉండాలి. 0.5 దాటితే పాయింట్లు మురికిపట్టాయి, లేదా డెల్కో లోపల బేస్ ప్లేటుకి ఉండే చిన్న అల్లిక ఎర్త్ వైరు తెగింది. ఇంజను నడిచేటప్పుడు వాక్యూమ్ అడ్వాన్సు ఆ ప్లేటుని అస్తమానం అటూ ఇటూ లాగుతుంటే ఆ అల్లిక పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. మూత తీసినా కంటికి ఆనదు, పట్టకారుతో మెల్లగా లాగి చూడాలి. కాయిల్ మైనస్ దగ్గర కూడా 12 ఉంటే పాయింట్లు అసలు కలవడం లేదు. కొత్త పాయింట్ల మీద ఫ్యాక్టరీలో పూసిన నూనె పొర తుడవకుండా బిగిస్తే ఇలాగే జరుగుతుంది.

బ్యాటరీ ప్లస్ దగ్గరి వోల్టేజీకీ బ్యాలస్ట్ ముందు టెర్మినల్‌కీ తేడా అర వోల్టు మించకూడదు. మించితే ఇగ్నిషన్ స్విచ్చో, మధ్యలో బుల్లెట్ కనెక్టరో. ఇక్కడి కార్లలో బుల్లెట్ కనెక్టర్ల రబ్బరు గొట్టం వెనక్కి లాగితే లోపల పచ్చటి పొడి కనిపిస్తుంది. ఎమరీ పేపరుతో గీకి వదిలేస్తే వానాకాలం దాటేసరికి మళ్ళీ వస్తుంది. వైరుని నల్లబడిన చోటి వరకూ కోసి, కొత్త బుల్లెట్ నొక్కి, డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టి మూయండి. భీమిలి రోడ్డు వైపు సముద్రానికి దగ్గరగా ఆరుబయట నిలిపే బండికి ఇది ఏడాదికోసారి పని.

బైపాస్ వైరు

బ్యాలస్ట్ బళ్ళ సోలెనాయిడ్‌కి రెండు లావు బోల్టులు కాక, సెల్ఫ్ తిప్పే ట్రిగ్గరు టెర్మినల్ కాక, ఇంకో చిన్న స్పేడ్ (చదును రేకు) టెర్మినల్ ఉంటుంది. లోపలి రాగి బిళ్ళ కొట్టుకున్నప్పుడు మాత్రమే దానికి కరెంటు వస్తుంది. బ్రిటిష్ రంగుల్లో అక్కడి నుంచి కాయిల్‌కి వెళ్ళే వైరు తెలుపు మీద పసుపు గీత. తాళం నుంచి వచ్చేది తెలుపు, కాయిల్ నుంచి డెల్కోకి తెలుపు మీద నలుపు, సోలెనాయిడ్ ట్రిగ్గరుకి తెలుపు మీద ఎరుపు. ఇన్నేళ్ళలో ఎవరెవరో ఏవేవో వైర్లు వేసి ఉంటారు కాబట్టి రంగుని సాక్ష్యంగా తీసుకోకండి, మీటరుతో తేల్చుకోండి.

పరీక్షకి వైరుని కాయిల్ చివర విప్పి మీటరు పెట్టండి. తాళం ఆన్‌లో సున్నా. సెల్ఫ్ కొడితే బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా, కనీసం 9.5. వదలగానే మళ్ళీ సున్నా. సెల్ఫ్‌లో రాకపోతే, ఇంజను సెల్ఫ్ కొట్టినంతసేపూ అందుకోక, తాళం వదిలే క్షణంలో మాత్రం ఒక్కసారి దగ్గుతుంది. ఎప్పుడూ 12 ఉంటే ఆ వైరు సోలెనాయిడ్ బ్యాటరీ వైపు బోల్టుకి తగిలించారు. అప్పుడు తాళం తీసినా ఇంజను ఆగదు.

మోసం చేసే తప్పు ఇంకోటుంది. మామూలు సోలెనాయిడ్‌కి ఆ స్పేడ్ ఉండదు. దొరికింది బిగించి, బైపాస్ వైరుని సెల్ఫ్ మోటారు వైపు లావు బోల్టుకి కలిపేస్తారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు అక్కడ కరెంటు ఉంటుంది, నిజమే. వదిలాక? సెల్ఫ్ మోటారు చుట్ట ఓమ్‌లు దాదాపు సున్నా, దాని గుండా కాయిల్ ప్లస్ నేరుగా ఎర్త్ అయిపోతుంది. ఇంజను ఆగిపోతుంది. లక్షణం అచ్చం బ్యాలస్ట్ తెగినట్టే ఉంటుంది. తేడా ఒక్కటే: తెగిన బ్యాలస్ట్ చల్లగా ఉంటుంది, ఇది 8 ఆంపియర్లు మింగి పొగలు కక్కేంత వేడెక్కుతుంది. చెయ్యి ఆనించకండి, కాస్త దూరంగా పెట్టినా సెగ తెలుస్తుంది.

ట్రిగ్గరు టెర్మినల్‌కి కలిపినా తప్పే. తాళం వదిలాక బ్యాలస్ట్ గుండా వచ్చే కరెంటు వెనక్కి పారి సోలెనాయిడ్ చుట్టలోకి పోతుంది. కాయిల్ వోల్టేజీ తగ్గుతుంది, ఒక్కోసారి సోలెనాయిడ్ వదలకుండా సెల్ఫ్ ఇంజనుతో పాటే తిరుగుతూ ఉండిపోతుంది. స్పేడ్ ఉన్న సోలెనాయిడ్ దొరక్కపోతే మామూలు నాలుగు కాళ్ళ హారన్ రిలే పెట్టండి. ట్రిగ్గరు వైరుతో రిలే చుట్ట, బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా రిలేకి, అక్కడి నుంచి కాయిల్ ప్లస్‌కి. వెనక్కి పారే దారే ఉండదు.

కండెన్సరు, వేడి

కొత్త కండెన్సరు 0.2 మైక్రోఫారడ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. పోయిందంటే పాయింట్ల మధ్య లావుగా, పసుపు కలిసిన నిప్పు కనిపిస్తుంది, ప్లగ్గు దగ్గర స్పార్కు పల్చబడుతుంది. బాగున్నప్పుడు పాయింట్ల దగ్గర నిప్పు కనీకనిపించనట్టు ఉంటుంది. పాయింట్ల గ్యాపు అంబాసిడర్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పద్మినికి దాని పుస్తకంలో ఉన్నది పెట్టండి, రెండూ ఒకటి కాదు.

వేసవిలో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్కులో ఆగిపోయి, అరగంట చల్లారాక స్టార్టయ్యే బండికి కారణం రెండింట్లో ఒకటి: కాయిల్ వేడికి వదిలేయడం, లేదా పెట్రోలు పైపులో ఆవిరి పట్టడం. పంపు మీద తడిగుడ్డ వేసి అదృష్టం చూసుకునే బదులు, ఆగిన వెంటనే కాయిల్ హెచ్‌టీ వైరుని డెల్కో మూతలోంచి తీసి, ఇన్సులేటెడ్ ప్లయరుతో పట్టుకుని, ఇంజను బ్లాకుకి 6 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోలు వాసన ఉంటే ఈ పని చేయొద్దు. నీలం రంగులో టపటపా కొడితే కాయిల్ నిర్దోషి. ఎర్రగా, నీరసంగా ఉంటే లేదా అసలు లేకపోతే అదే వేడి మీద బ్యాలస్ట్‌నీ కాయిల్‌నీ కొలవండి. చల్లారాక కొలిస్తే దొంగ దొరకడు.

తెల్లారి మంచుకి మాత్రమే మిస్ అయ్యే బండిలో కాయిల్ మూత మీద పెన్సిల్ గీతలాంటి నల్ల దారి ఉందేమో చూడండి. స్పార్కు తడి మీదుగా పారి చేసిన గుర్తు అది. లేతగా ఉంటే స్పిరిటుతో తుడవొచ్చు, చెక్కినట్టు లోతుగా ఉంటే కాయిల్ మార్చాల్సిందే.

బిగించేటప్పుడు

బ్యాలస్ట్ దిమ్మ గాలి తగిలే చోట, రేకు మీద, పెట్రోలు పైపుకీ వైర్ల కట్టకీ కనీసం నాలుగు వేళ్ళ దూరంలో ఉండాలి. దాని టెర్మినళ్ళకి టంకం పనికిరాదు, వేడికి మెత్తబడి వదిలేస్తుంది. రింగు తింబుల్ నొక్కి స్క్రూతో బిగించండి, చివరి రెండు అంగుళాలకి ఫైబర్‌గ్లాసు స్లీవు తొడగండి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. బ్రిటిష్ పద్ధతి వైరింగులో ఇగ్నిషన్ తెల్ల వైరుకి ఫ్యూజు ఉండదు. అది బాడీకి ఒరిస్తే వైరింగు మొత్తం కాలుతుంది, కాబట్టి ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు) రంధ్రంలో రబ్బరు గ్రామెట్ ఉందో లేదో చూడకుండా బానెట్ మూయకండి.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెడుతుంటే దాని ఎర్ర వైరు బ్యాలస్ట్‌కి ముందు, తాళం వైపు కలపాలి. కాయిల్ ప్లస్‌కి కలిపితే మాడ్యూల్‌కి 6, 7 వోల్టులే అంది ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు చేయదో తెలియని బండి తయారవుతుంది. ఏ ఓమ్‌ల కాయిల్‌కి ఒప్పుకుంటుందో మాడ్యూల్‌తో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఇంజను ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే కొన్ని రకాలు మాడిపోతాయి, పాటలు వినాలంటే రేడియోకి వేరే లైను వేసుకోండి.

దారిలో బ్యాలస్ట్ తెగితే రెండు టెర్మినళ్ళనీ చిన్న వైరుతో కలిపి ఇంటికి రావచ్చు. ఇంజను తిరుగుతున్నప్పుడే తాళం ఆన్‌లో ఉండాలి, ఆగిన మరుక్షణం ఆఫ్. ఋషికొండ నుంచి ఊళ్ళోకి అంటే పర్వాలేదు, అరకు ఘాటు ఎక్కడానికి కాదు. దానికన్నా మంచి ఉపాయం పాత హెడ్‌లైటు బల్బు. 60 వాట్ల ఫిలమెంటుని బ్యాలస్ట్ చోట వరసలో కలిపితే, ఆ వోల్టేజీ దగ్గర అది రెండు ఓమ్‌లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కాయిల్‌కీ పాయింట్లకీ ప్రమాదం లేకుండా నడుస్తుంది. బల్బు మాత్రం బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్కుకీ వైర్లకీ తగలకుండా కట్టండి.